పదిహేడు నంబరు బోల్టు

ఆదివారం సాయంత్రంలోగా ఆ కారు చప్పుడు ఆగాలి. ఆగకపోతే ఒకటో తారీఖుకల్లా ఇల్లు ఖాళీ చేయాలి. ఇదీ ఇంటాయన ఆర్డరు.

ఇంటాయన ఓ వర్క్‌షాపులో ముప్ఫై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా కేకలు పోలేదు. వాటిని వినడానికిప్పుడు పైవాటాలో అద్దెకున్న టీచరు కుటుంబం తప్ప ఎవరూ లేరు. మొదటి నెల కుళాయి కారుతోందన్నాడు. బాగుచేయించారు. రెండో నెల పిల్ల సైకిలు బెల్లు అన్నాడు. పీకేశారు. మూడో నెల కారు మీద పడ్డాడు. గేటు దాటేటప్పుడు ముందు చక్రం దగ్గర కటకటమంటోందట, తన నిద్ర పాడవుతోందట.

పిల్ల బడి పక్కవీధిలోనే. ఇంత అనువైన ఇల్లు మళ్లీ దొరకదని టీచరు భార్యకు ఒకటే దిగులు.

టీచరు కొత్త షాకబ్జార్బరు కొనుక్కొచ్చాడు. ఆదివారం తొమ్మిదింటికల్లా చక్రం విప్పి కారు కింద దూరాడు. పాతది ఊడాలంటే కింది బోల్టు రావాలి. అది తుప్పు పట్టి మొండికేసింది. పదకొండైనా ఇసుమంత కదల్లేదు.

వరండాలో ఇంటాయన పేపరు చదువుతున్నాడు. రెండు గంటలుగా అదే పేజీ. స్పానర్ జారిన ప్రతిసారీ పంటినొప్పి వచ్చినట్టు మొహం పెడుతున్నాడు.

"ఏమండీ, చేతకాని పని మనకెందుకండీ?" అంది భార్య మేడ మీంచి, వీధంతా వినపడేలా.

"వచ్చేస్తుందే, ఇంకొక్క తిప్పు!"

స్పానర్ మళ్లీ జారింది. టీచరు "అబ్బా" అంటూ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

ఇంటాయన పేపరు విసిరికొట్టి లేచాడు.

"ఆగండాగండి! పదిహేడు బోల్టుకి పందొమ్మిది స్పానర్ వేస్తారా ఎవరైనా? పైగా బిగించే వైపు తిప్పుతున్నారు!"

"అవునాండీ? కింద పడుకుంటే కుడీ ఎడమా తెలియడం లేదండీ."

"ఎలా తెలుస్తుంది, సుద్దముక్క పట్టుకునే చేతులకి! లేవండవతలికి!"

చొక్కా విప్పేసి, బనీనుతో ఆయనే కారు కింద దూరాడు. ఇనుప బ్రష్షు ఇమ్మంటే టీచరు రంగులేసే బ్రష్షు ఇచ్చాడు. "నా ఖర్మ!" అని తన పనిముట్ల పెట్టె తెప్పించుకున్నాడు. రిటైరైన రోజున మూతపెట్టిన పెట్టె అది. తుప్పు గీకాడు. నూనె కొట్టి, అరగంట నాననివ్వాలన్నాడు. ఆ అరగంటా, ఎన్ని బోల్టుల పొగరు అణిచాడో వరసపెట్టి చెప్పాడు. టీచరు నోరు తెరుచుకుని విన్నాడు.

"ముందు కాస్త బిగించాలి, ఆ తరవాత వదులు చేయాలి. బుర్రకెక్కిందా నీకు?"

మీరు కాస్తా నువ్వయిపోయింది. ఆయన గమనించలేదు.

"ఇంకొక్కసారి చెప్పండి బాబాయ్ గారూ."

భార్య టీ తెచ్చింది. మొగుడు స్పానర్ తిరగేసి పట్టుకోవడం చూసి, గబుక్కున మొహం తిప్పుకుని మెట్లెక్కేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఏడుస్తోందయ్యా పాపం," అన్నాడు ఇంటాయన గొంతు తగ్గించి.

"ఇల్లు మారాల్సి వస్తుందని బెంగండీ."

ఆయన మళ్లీ కారు కింద దూరాడు. స్పానర్‌కి పైపు తగిలించి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. బోల్టు కిర్రుమని కదిలింది. ఆయన కేకకి పక్కింటి వాళ్లు బయటికొచ్చి చూశారు.

మూడింటికి కొత్తది బిగించారు. గేటు రెండుసార్లు దాటించారు. చప్పుడు లేదు. మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో ఇంటాయన పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

"వేరే ఇల్లు ఒకటి చూశామండీ..." నసిగాడు టీచరు.

"ఎవడు పొమ్మన్నాడయ్యా నిన్ను? నేను పక్కన లేకపోతే నీ బండి గతేంటి? వచ్చే ఆదివారం రెండో చక్రం విప్పుదాం. పాఠాలు చెప్పడం వేరు, పని చేయడం వేరు. నా దగ్గర నేర్చుకో."

"మీ దయండీ," అన్నాడు టీచరు చేతులు కట్టుకుని.

సోమవారం పొద్దున ఆ టీచరు మోటారు మెకానిక్కుల శిక్షణ కేంద్రంలో తన క్లాసులోకి వెళ్లి, పదిహేనేళ్లుగా చెబుతున్న పాఠమే మళ్లీ బోర్డు మీద రాశాడు: "తుప్పు పట్టిన బోల్టును అయిదు నిమిషాల్లో విప్పడం ఎలా?"