పావుగంట

మిల్లు మళ్లీ ఆగింది.

ఠక్కున ఒక చప్పుడు. ఆ వెంటనే మోటార్లు మూలుగుతూ మూలుగుతూ చల్లబడ్డాయి. ఇంజను గదిలోంచి సోమన్న నెత్తి కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. వరండా చివర, నీళ్ల కుండ పక్కన గోడకు బిగించిన ఇనుప పెట్టె ముందు నిలబడి పళ్లు కొరికాడు. బ్రేకర్ పడిపోయి ఉంది. పది రోజులుగా ఇదే తంతు. పొద్దున ఒకసారి, పగటేళ దాటాక ఒకసారి.

"మళ్ల ఏమైందిరా?" గద్దె మీద నుంచే అరిచాడు మిల్లు యజమాని వెంకటయ్య.

"పడిపోయింది సేటూ. పావుగంటల పెడ్త."

"దినాం రెండు పావుగంటలు! వడ్లు తెచ్చినోళ్లు బండ్లు మలుపుకొని సూర్యాపేటకు పోతున్నరు!"

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు మిర్యాలగూడలో పెట్టిన మిల్లు అది. సొంత ఇంజను, సొంత కరెంటు. ఆ బ్రేకర్ పడిందంటే పావుగంటకు తక్కువ కాదు. మరల్లో ఇరుక్కున్న వడ్లు తీయాలి, బెల్టులు చూడాలి. అప్పుడే హ్యాండిల్ తిప్పి స్ప్రింగు బిగించాలి. పచ్చ బొత్తాం నొక్కితే ఆ స్ప్రింగే బ్రేకర్‌ను కలుపుతుంది. ఎర్ర బొత్తాం నొక్కితే రెప్పపాటులో విడిపోతుంది. చెరిగే ఆడవాళ్లు చాటలు దించి తలా ఒక నీడకు పోయారు. సోమన్న హ్యాండిల్ పట్టాడు.

తెల్లవారినప్పటి నుంచే అతని తల తిక్కతిక్కగా ఉంది. ఇంట్లో భార్య రుక్కమ్మ పోరు.

"బుజ్జి మొఖం సూసినవా? ఎట్ల గుంజుకపోయిందో! ఆరు నెలల పిల్ల, పొద్దుందాక పాలు లేకుంట ఎట్లుంటదయ్యా? మర తిరిగినంతసేపు చాట దించొద్దంటడు మీ సేటు. నువ్వన్న అడుగు జర."

"నేనడిగితే ఇంటడా? పది మంది ఆడోళ్లున్నరు. అందరికీ పిల్లలున్నరు."

"పోనీ ఇంత ఆముదమన్న తే. కాటుక పట్టాలె. పిల్లకు దిష్టి చుక్క పెట్టక నాలుగొద్దులాయె."

"మిల్లు ఆముదం తెస్తే నా తోలు తీస్తడు!" అని విసురుగా బయటపడ్డాడు. చంటిదాన్ని నడుముకెత్తుకుని ఆమె వెనకే వచ్చింది. ఎప్పటిలాగే ఆగిన బండి కింద గుడ్డ ఉయ్యాల కట్టి, పిల్లను పడుకోబెట్టి చాట పట్టింది.

మధ్యాహ్నం బస్సుకు కోదాడ నుంచి మెకానిక్ చంద్రమౌళి దిగాడు.

"తీగతోని కట్టెయ్ సారూ, పడకుంట!" అన్నాడు వెంకటయ్య.

"కట్టేస్తే ముందు మోటారు కాలుద్ది, తర్వాత మిల్లు కాలుద్ది. మీ ఇష్టం."

వెంకటయ్య ముఖం మాడ్చుకుని సోమన్న మీద పడ్డాడు. "ఇయ్యాల ఇంకొక్కసారి ఆగిందా, రేపటికెల్లి నీ జాగల కొమురయ్య ఉంటడు. వాడు గూడ హ్యాండిల్ తిప్పుడు నేర్చిండు."

బస్తాలు మోసే కొమురయ్య దూరం నుంచి ఇకిలించాడు. సోమన్నకు ఒళ్లు మండింది.

చంద్రమౌళి ఇంజను ఆపించాడు. ఎర్ర బొత్తాం నొక్కి, స్ప్రింగు వదులైందో లేదో వంగి చూశాడు. హ్యాండిల్ ఊడదీసి తన సంచిలో వేసుకున్నాడు.

"కరెంటే లేదు గద సార్, ఇగ భయమేంది?" అన్నాడు సోమన్న.

"కరెంటు లేకపోయినా స్ప్రింగు ఉంటుందయ్యా. బిగించిన స్ప్రింగు దగ్గర వేలు పెట్టావా, ఆ వేలు దానిదే." మూత తీసి ముఖం చిట్లించాడు. "ఏంటీ జిడ్డు?"

"ఆముదం సార్. గీడ అన్నిటికీ ఆముదమే. ఇంకోటి లేదు."

"నయం, నెయ్యి పొయ్యలేదు! ఇది గట్టిపడితే, స్ప్రింగును పట్టి ఉంచే కొక్కెం వదలాల్సినప్పుడు వదలదు."

అంతా తుడిచి, కోదాడ నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి నల్లటి గ్రీసు పట్టించాడు. పదిసార్లు బిగించి, కలిపి, విడదీసి చూశాడు. ఒక్కసారీ తప్పలేదు. అప్పుడు గొంతు తగ్గించాడు.

"లోడు ఎక్కువై పడితే ఈ రేకు జెండా కిందికి వాలాలి. ఈ పది రోజుల్లో ఎప్పుడైనా వాలిందా?"

"లేదు సార్."

"అయితే పెట్టె తప్పు కాదు. ఎవరో వచ్చి ఎర్ర బొత్తాం నొక్కుతున్నారు." కాస్త గ్రీసు తీసి బొత్తాం అంచున పూశాడు. "నువ్వు ముట్టుకోకు. ఈసారి ఆగితే అందరి చేతులూ చూడు."

"దొరకనీ సార్. ఆ చెయ్యి ఇరగ్గొడ్త!"

మూడు గంటలకు ఠక్‌మంది.

సోమన్న వచ్చేసరికి పెట్టె దగ్గర ఎవరూ లేరు. జెండా వాలలేదు. బొత్తాం అంచున గ్రీసు చెరిగిపోయి ఉంది. నేరుగా బస్తాల దగ్గరికి ఉరికి కొమురయ్య రెక్క పట్టుకున్నాడు.

"చెయ్యి సూపియ్యి!"

"ఏందన్నా, జాతకం చెప్తవా?"

హమాలీలు పకపక నవ్వారు. కొమురయ్య అరచేతుల్లో తవుడు, గోనె పీచు తప్ప ఏమీ లేదు. మిగిలిన మగవాళ్ల చేతులూ అంతే.

"సోమన్నా! అయిపోయింది పో నీ నౌకరి!" గద్దె మీద నుంచి కేక.

కాళ్లీడ్చుకుంటూ బండ్ల నీడకు వెళ్లి రుక్కమ్మ పక్కన కూలబడ్డాడు. ఆమె ఒడిలో బుజ్జి కళ్లు మూసుకుని గుటకలు వేస్తూ పాలు తాగుతోంది.

"పావుగంట పడ్తదా?" తల ఎత్తకుండానే అడిగింది రుక్కమ్మ.

"పడ్తది."

ఆమె పిల్లను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. బుజ్జి బుగ్గ మీద నల్లటి చుక్క. పోనీలే, ఎవరిని అడిగిందో, చివరికి దిష్టి చుక్కైనా పెట్టింది అనుకున్నాడు. ప్రాణం కొంచెం తేలికపడింది. ముద్దుగా వేలితో తాకాడు. చుక్క జారి వేలికి అంటుకుంది. వాసన చూశాడు. ఆముదం వాసన లేదు.

అది కాటుక కాదు, గ్రీసు.