అయిపోయిందనుకో

తన పొట్ట కొట్టిందెవరని అడిగితే దర్జీ తడుముకోకుండా ఒకటే పేరు చెబుతాడు. అయిపోయిందనుకో.

అది కౌన్సిలర్‌కి వార్డు పెట్టిన పేరు. కుళాయిలో నీళ్ళు రావట్లేదన్నా, వీధి దీపం వెలగట్లేదన్నా, కుక్క కరిచిందన్నా ఆయన నోట వచ్చే మాట అదే. "అయిపోయిందనుకో." అనుకోవడం జనం వంతు. అవడం దేవుడి దయ.

దర్జీ అనుకుని అనుకుని అలిసిపోయాడు.

మురుక్కాలవ మీద చెక్క పలక వేశాడని మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కొట్టుకి తాళం వేసి, దాని మీద లక్క ముద్ర కొట్టి పోయారు. పలక ఆ రోజే పీకేశాడు. తాళం మాత్రం అలాగే వేలాడుతోంది. మిషను లోపల. కత్తెర లోపల. బడిపిల్లల యూనిఫారాల కోసం తెచ్చిపెట్టిన గుడ్డ తానులన్నీ లోపలే. బడి తెరిచేలోగా కుట్టివ్వకపోతే ఆ పని కాస్తా ఎదురుగా కొత్తగా వెలిసిన ఫ్యాషన్‌గాడికి పోతుంది. వాడప్పుడే టేపు మెళ్ళో వేసుకుని గుమ్మంలో నిలబడుతున్నాడు.

ఇంట్లో పెళ్ళాం సూటిపోటి మాటలు. "ఊరందరి చిరుగులూ కుడతావు. సొంత కొట్టు తీయించుకోవడం చేతకాదు. ఏం మనిషివయ్యా!"

మొదటిసారి వెళ్ళినప్పుడు కౌన్సిలర్ వసారాలో కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

ఓట్లప్పుడు ఈయనే భుజం మీద చెయ్యేసి "తమ్ముడూ" అన్నాడు. దర్జీ ఆ సంగతి దిగమింగుకున్నాడు.

"మూల కొట్టు గురించి సార్. తాళం వేసి వదిలేశారు. తమరే తీయించాలి."

ఆ కొట్టుకి బోర్డు లేదు, పేరు లేదు. తండ్రి కాలం నుంచీ మూల కొట్టంటే మూల కొట్టే. అదెవరిదో చెప్పాల్సిన అవసరం దర్జీకి జన్మలో రాలేదు.

"తాళం వేసి వదిలేశారా! సగం పని చేసి చేతులు దులుపుకోవడం వాళ్ళకి అలవాటే. అయిపోయిందనుకో."

అవలేదు.

రెండోసారి వెళ్తే, అప్పుడూ గడ్డం గీయించుకుంటూనే ఆయన ఇతని మొహం కాస్త గుర్తుపట్టాడు. మనిషిని కాదు.

"మూల కొట్టు... అంతేగా? నాకేం అభ్యంతరం లేదయ్యా. రేపు ఎవరో ఏడ్చుకుంటూ వచ్చి నా గుమ్మంలో పడకూడదు. అదీ నా బాధ."

దర్జీ కళ్ళ ముందు ఫ్యాషన్‌గాడి మొహం మెదిలింది. "ఏడిస్తే ఒక్కడే ఏడుస్తాడు సార్. ఏడవనివ్వండి వెధవని."

కౌన్సిలర్ సబ్బు నురగ ఎగిరిపడేలా నవ్వాడు. "గట్టి పిండానివే!"

పెద్దాయన్ని నవ్వించానని దర్జీ దారి పొడుగునా మురిసిపోయాడు. ఇంటికొచ్చి పెళ్ళానికి కూడా చెప్పాడు. "నవ్వితే తాళం ఊడుద్దా?" అందావిడ.

ఊడలేదు. బడి తెరిచే రోజు నెత్తి మీదకొచ్చింది.

చివరికి బావమరిది అందుకున్నాడు. "ఒక్కడివీ వెళ్ళి గొణుక్కుంటే ఎవడు వింటాడు బావా? మందిని తీసుకెళ్ళాలి. అరవాలి. అప్పుడు దిగొస్తారు."

వీధి తిరిగి జనాన్ని పోగేశాడు. పాలవాడు వచ్చాడు, ఇస్త్రీ పెట్టేవాడు వచ్చాడు, పనీపాటా లేనివాళ్ళంతా వచ్చారు. కౌన్సిలర్ ఇంటి గేటు ముందు బావమరిది పిడికిలి ఎత్తాడు.

"మూల కొట్టు!"

"తీయించాలి!"

"ఇప్పటికిప్పుడు!"

"తీయించాలి!"

కౌన్సిలర్ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరిగెత్తుకొచ్చాడు. జనాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంతమంది ఒక్క మాట మీద ఉన్నారని నాకు తెలీదే! నేను ఇంకా ఆలోచిస్తూ కూర్చున్నాను. జనం మాటే నా మాట. రేపు తెల్లారేసరికి మనుషుల్నీ బండినీ పంపిస్తున్నా." దర్జీ చేతులు పట్టుకున్నాడు. "ఈసారి నిజంగా అయిపోయిందనుకో."

చప్పట్లు మోగాయి. దర్జీకి కళ్ళు చెమర్చాయి. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అతనే.

"తాళం తీయడానికి బండెందుకయ్యా?" అంది పెళ్ళాం.

"పెద్దవాళ్ళు ఏం చేసినా హంగుగా చేస్తారు. నీకేం తెలుసు, ఊరుకో."

పొద్దున్నే స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మిషనుకి వెయ్యడానికి నూనె బుడ్డి ఒక జేబులో, గుండీల పొట్లం ఒక జేబులో పెట్టుకున్నాడు. కొట్టు రెండు వీధుల అవతల. కానీ అటు వెళ్ళబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టుకున్న మనిషికి ముందో దండం పెట్టాలి. ఆ తర్వాతే పని.

కౌన్సిలర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఇతనికోసమే ఎదురుచూస్తున్నట్టు. దర్జీ చేతులు జోడించి, కళ్ళతోనే ఆయన మెడ కొలత తీసుకున్నాడు. ఇవాళ పడే మొదటి కుట్టు ఆయన చొక్కాదే.

కౌన్సిలర్ అతని వీపు మీద ఆప్యాయంగా చరిచాడు.

"ఎవడిదో గానీ ఆ కొట్టు, తెల్లారకముందే బుల్డోజరు పెట్టి సామానుతో సహా పునాదుల్లోంచి తీయించేశానయ్యా, వెళ్ళి చూసుకో, ఎనిమిదడుగులకి పదడుగులు, అరచేయిలా చదునైపోయింది!"