చేనుకో కవి

సినిమా పాటల రచయిత జానకిరామయ్యకు శుక్రవారం గడువు. ఈలోగా మట్టివాసన వచ్చే పాట ఇవ్వకపోతే సినిమా ఇంకొకరికి పోతుంది. ఇదీ పోతే ఇక ఆయన్ను పిలిచేవాళ్లు లేరు. ఆయన రాసిన గత ఆరు పాటలూ ఎవరి నోటా పలకలేదు.

అందుకే గుంటూరులో పర్చూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

నోటుపుస్తకంలో మొదట దిగులే రాసుకున్నాడు. చిన్నప్పుడు చూసిన జొన్న లేదు, కంది లేదు. ఎటు చూసినా బీటీ పత్తి, లేకపోతే మిరప. గోడ కనబడితే చాలు, పురుగుమందు పేరు. చేలో కుండ తలకాయతో నిలబడే గడ్డిబొమ్మ కూడా కనబడలేదు. "అన్నీ పోయాయి" అని రాసి కింద గీత గీశాడు.

ప్రత్తిపాడు దాటి బస్సు మలుపు తిరిగింది. ఎర్రగా విరగకాసిన మిరపచేను. గట్టు మీద రెండు కర్రల మధ్య నిలువెత్తు జానకిరామయ్య!

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తనే. శాలువా, నవ్వు, చేతిలో కలం. మొన్న శ్రావణంలో గుంటూరులో జరిగిన సన్మానానికి సొంత ఖర్చుతో తానే వేయించుకున్న ఫ్లెక్సీ. సభకు పాతికమంది కూడా రాలేదు. తెల్లారేసరికి ఫ్లెక్సీలన్నీ మాయమైతే గిట్టనివాళ్ల పని అనుకున్నాడు.

మరో చేను. మళ్లీ తనే. ఆపైన పత్తిచేలోనూ తనే. తెగులు తగిలిన చేలల్లో ఒక్కటీ లేదు. పంట బాగున్న చోటల్లా తన బొమ్మ, అదీ రోడ్డు వైపు తిరిగి. కలిగిన రైతుకే సాహిత్యం విలువ తెలుస్తుందనుకున్నాడు. ఆనందంతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పల్లవీ, రెండు చరణాలూ రాసేశాడు.

బస్సు ఆపించి దిగాడు. మిరపకాయలు కోయిస్తున్న రైతు బుల్లయ్య ఆయన్ను చూసి, ఫ్లెక్సీని చూసి, గబగబా తలగుడ్డ విప్పాడు.

"ఓరి నాయనో, మీరేనాండీ!"

"నేనేనయ్యా." జానకిరామయ్య నోటుపుస్తకం తెరిచాడు. అక్కడే గట్టు మీద నిలబడి పాడాడు.

"నను చూసే పండావా నేలతల్లీ, నా నీడే చాలందా నీ చేను..."

కూలీలు కోత ఆపి విన్నారు. బుల్లయ్య నోరు వెళ్లబెట్టాడు.

"ఉన్నది ఉన్నట్టు రాశారండీ! మీ బొమ్మ పెట్టాకే కాపు నిలబడింది. ఒక్కో బొమ్మ కోసం ఊళ్లో కొట్టుకున్నామంటే నమ్మండి."

పాట దొరికింది. పరువూ దొరికింది. ఇక ఆయనకు కావలసింది ఒక్కటే, అది ఆ నోటితోనే వినాలి.

"ఇంతమంది ఉండగా నా బొమ్మే ఎందుకయ్యా?"

"నిరుడు చేనుకు దిష్టి తగలకుండా హీరోయిన్ బొమ్మ పెడితే వచ్చేపోయేవాళ్లంతా ఆగి, బొమ్మతోపాటు చేను కూడా చూసి తగలేశారండీ, మీది పెట్టాక, ఒకసారి చూసినవాడు మళ్లీ ఇటు తల తిప్పితే ఒట్టు!"