పక్క సెక్షను

చప్పుడు వినగానే తొమ్మిదో తరగతి ఎ సెక్షనులో నలభై తలలూ కిటికీ వైపు తిరిగాయి. బోర్డు మీద గాలి పీడనానికి నిర్వచనం రాస్తున్న పూర్ణచంద్రరావు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

బయట వరండాలో బి సెక్షను పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో వాళ్ల సైన్సు మాస్టరు అబ్దుల్ రజాక్. ఖాళీ నూనె డబ్బాలో కాసిని నీళ్లు మరిగించి, మూత బిగించి, పైన చన్నీళ్లు కుమ్మరించాడు. ఎవరూ ముట్టుకోకుండానే డబ్బా సొట్టలుపడి నలిగిపోయింది. దాన్ని నలిపిందెవరని పిల్లల్ని అడుగుతున్నాడు, రెండు క్లాసులకీ వినబడేంత గట్టిగా.

పూర్ణచంద్రరావు వెళ్లి కిటికీ రెక్క మూశాడు. ఆ తర్వాత తను చదివిన నిర్వచనం తనకే చప్పగా వినిపించింది.

రేపల్లెలో ఆ హైస్కూల్లో ఆయన ఇరవై ఒక్క ఏళ్లుగా సైన్సు చెబుతున్నాడు. రజాక్ వచ్చి నాలుగేళ్లు కూడా కాలేదు. 1968 వేసవిలో బాపట్లలో సైన్సు మాస్టర్లకు ఆరు వారాల శిక్షణ పెట్టారు. స్కూలుకొకరిని పంపమన్నారు. వెళ్లేది తనే అన్న నమ్మకంతో పూర్ణచంద్రరావు ట్రంకుపెట్టె కూడా సర్దుకున్నాడు. హెడ్మాస్టరు సంజీవరావు రజాక్ పేరు రాసి పంపాడు. అదేంటండి అని అడిగితే, అతను కుర్రవాడు, ఇంకా చాలా ఏళ్లు పనికొస్తాడు అన్నాడు. తను ఇక పనికిరాడనేగా దానర్థం.

తిరిగొచ్చాక రజాకే వచ్చి స్టాఫ్ రూములో పక్కన కూర్చునేవాడు. బాపట్లలో ఏమేం చేశారో చెప్పబోయేవాడు. పూర్ణచంద్రరావు పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. వారం రోజులు చూసి రజాక్ చెప్పటం మానేశాడు. వరండాలో ఈ ప్రయోగాలు ఆ తర్వాతే మొదలయ్యాయి.

ఇంట్లోనూ ఊరట లేదు. కూతురు కోటేశ్వరి బి సెక్షనులోనే చదువుతోంది. కంచం ముందు కూర్చుంటే చాలు, రజాక్ సారు కబుర్లే. ఒకరోజు గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన పోస్టుకార్డు పెట్టి, తలకిందులు చేసి పట్టుకుంది. చుక్క కూడా కింద పడలేదు.

"ఇంటి దగ్గర పెద్దవాళ్లకి చేసి చూపించమన్నారు నాన్నా. ఎందుకు పడలేదో చెప్పు చూద్దాం."

కారణం ఆయనకి తెలియంది కాదు. ఇరవై ఒక్క ఏళ్లుగా చెబుతున్నదే. చేసి చూపించాలని మాత్రం ఒక్కనాడూ తోచలేదు. అది తట్టేసరికి కోపం మరింత పెరిగింది. చదువు మాని ఈ ఆటలేంటని కసిరాడు. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

దసరా సెలవులు అయ్యాక కబురొచ్చింది. శిక్షణ ఎలా పనిచేస్తోందో చూడటానికి డిసెంబరులో బాపట్ల నుంచి ప్రొఫెసరు వెంకట్రామయ్య వస్తారట. రెండు సెక్షన్లకీ ఒకే పరీక్ష పెడతారట. ఆ రోజు నుంచి పూర్ణచంద్రరావుకి ఒకటే పంతం. ట్రైనింగు లేని మాస్టరే మేలని ఆ ప్రొఫెసరు నోటితోనే అనిపించాలి.

రజాక్ తన నోటుపుస్తకాన్ని స్టాఫ్ రూము బల్ల మీదే వదిలేసి పోతుండేవాడు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పూర్ణచంద్రరావు దాన్ని తెరిచాడు. పాఠానికో ప్రయోగం, దానికి బొమ్మ, పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నలు, వాళ్లు ఎక్కడ పొరపడతారో అదీ ఉంది. తన కోసం రాసుకునేదానికి ఇంత విడమరచటం దేనికి, గుర్తుండదు కాబోలు అనుకున్నాడు. గుమ్మం వైపు చూసుకుంటూ నాలుగు పేజీలు తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు ఇంకో నాలుగు. చేస్తున్నది దొంగతనమని తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు.

ఆదివారం పాసింజరు బండిలో తెనాలి వెళ్లి గాజు గొట్టాలు, భూతద్దాలు, అయస్కాంతాలు కొనుక్కొచ్చాడు. రజాక్ ఒక ప్రయోగం చేస్తే తను రెండు చేశాడు. ఒక గొట్టం పగిలింది. పిల్లలు నవ్వారు. నీళ్లలో వస్తువులు తేలటం గురించి చేసిన రోజున, నిజాంపట్నం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న గంగరాజు లేచి నిలబడ్డాడు. బడి తెరిచింది మొదలు వెనక బెంచీలో నిద్రపోవటం తప్ప ఎరగని పిల్లవాడు.

"చేపలు నిండేకొద్దీ మా పడవ దిగేది ఇందుకేనా సార్?"

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ పూర్ణచంద్రరావు రజాక్ ఊసే మరిచిపోయాడు. మర్నాడు వరండాలో ఎదురై రజాక్ నవ్వేసరికి మాత్రం మళ్లీ ఒళ్లు మండింది.

డిసెంబరులో పరీక్ష జరిగింది. సాయంత్రం ఇద్దర్నీ హెడ్మాస్టరు గదికి పిలిచారు. ఎ సెక్షను సగటు అరవై ఎనిమిది, బి సెక్షను సగటు అరవై ఒకటి అని సంజీవరావు చదివాడు. పూర్ణచంద్రరావు ఓరగా రజాక్ మొహం చూశాడు. ఇన్ని నెలలుగా ఎదురుచూసింది ఆ మొహం కోసమే. అందులో ఓటమిని వెతికాడు. దొరకలేదు. దాచుకుంటున్నాడులే అని సరిపెట్టుకున్నాడు.

వెంకట్రామయ్య లేచాడు. నమస్కారానికి సిద్ధమైన పూర్ణచంద్రరావును దాటి వెళ్లి, రజాక్ చెయ్యి పట్టుకుని ఊపాడు. తెనాలి చూశాను, వేమూరు చూశాను, ఎక్కడా ఇలా జరగలేదన్నాడు.

"మీరు నెగ్గారు రజాక్ గారూ."

పూర్ణచంద్రరావు గొంతు సవరించుకున్నాడు.

"పొరపడుతున్నారండి. ఎక్కువొచ్చింది ఎ సెక్షనుకి. అది నాది. నేను మీ ట్రైనింగుకి రాలేదు."

ప్రొఫెసరు తెలుసన్నట్టు తలూపాడు.

"రానివాళ్లకి కూడా నేర్పమనే పంపాం. మేం ఆయనకి పెట్టిన పరీక్ష మీరేనండి."