ఎక్కినవాళ్ళ లెక్క

బోర్డు మీద రాయబోయే మాటలు ఒకసారి వినిపిస్తానని ఖయ్యూమ్ పిలిస్తే, నాగేందర్ తడిగుడ్డ పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

సౌదీలోని కొండ ఊరు అభాలో ట్రామ్ ఆగిపోయి మూడేళ్ళయింది. పాత బజారు నుంచి కొండ మీది ఆసుపత్రి దాకా మూడు కిలోమీటర్లు, ఏడు స్టాపులు, రెండే బోగీలు. పట్టాలు పీకేశారు. ఒక బోగీని ఎవరో కొనుక్కుపోయారు. మిగిలినదాన్ని షెడ్డులోనే ఉంచి టూరిస్టులకు చూపించాలని పైవాళ్ళ ఆలోచన. ట్రామ్ చరిత్ర రాసే పని ఖయ్యూమ్‌ది. హైదరాబాద్ మనిషి, ఆఫీసులో గుమాస్తా. అప్పట్లో పట్టాలు ఊడ్చిన నాగేందర్ ఇప్పుడు బోగీ తుడుస్తున్నాడు.

అరబ్బీలో రాసుకున్నదాన్ని ఖయ్యూమ్ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. ట్రామ్ ఎప్పుడు మొదలైంది, మొదటిరోజు ఎవరెక్కారు, పొగమంచు కమ్మినప్పుడు గంట కొట్టుకుంటూ ఎలా నడిచేది. చివర్లో పాత ఫైలు తిరగేసి ఒక కాగితం మీద వేలు పెట్టాడు. ప్రయాణికుల సర్వే, ఏడు రోజులది. కింద సంతకం నాగేందర్‌ది.

"ఈ లెక్క ఇంకో తీరుగ వచ్చుంటే ట్రామ్ ఇయ్యాల్టికీ నడిచేదని ఇంజనీర్ సాబ్ రాసిండు," అన్నాడు ఖయ్యూమ్. "బోర్డు మీద నీ పేరు గూడ పెట్టాల్నా?"

వద్దని తలూపి నాగేందర్ మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

ఆ ఏడు రోజుల లెక్కలో ఒక్క అంకె కూడా నిజం కాదు. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు.

అంకెలు గుండ్రంగా రాస్తాడని అప్పుడా పని అతనికి అప్పజెప్పారు. ఆసుపత్రి స్టాపులో కుర్చీ వేశారు. ఎక్కిన మనిషికల్లా ఒక గీత గీయాలి, సాయంత్రం కూడి రాయాలి. లైను ఉంచడమా తీసేయడమా అన్నది ఈ లెక్క మీదే ఆధారపడి ఉందని ఇంజనీరు మరీమరీ చెప్పి వెళ్ళాడు. అది విన్న తర్వాతే నాగేందర్ ఆ దొంగ లెక్క రాశాడు.

రెండు నెలలకు, లైను మూసేస్తున్నామని షెడ్డు గోడకు నోటీసు అంటించారు. ఎందుకన్నది పనివాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ట్రామ్ నడిపే నలుగురికీ ఖరూజ్, అంటే దేశం విడిచి పొమ్మనే ముద్ర, కొట్టి ఇంటిదారి పట్టించారు. ఆ నలుగురిలో లక్ష్మణ్ ఒకడు. జగిత్యాల దగ్గరి మనిషి. నాగేందర్‌కు ఈ పని ఇప్పించిందీ అతనే. ఐదేళ్ళు ఇద్దరిదీ ఒకే గది. నాగేందర్‌కు కామెర్లు వచ్చినప్పుడు ఇరవై రోజులు వండిపెట్టి, బట్టలు ఉతికిపెట్టాడు. ఆ లక్ష్మణ్ పెట్టెలు ఎయిర్‌పోర్టులో మోసి, బండి మీద పెట్టి, చెప్పాల్సిన మాట చెప్పకుండానే నాగేందర్ వెనక్కి వచ్చేశాడు.

అక్కడితో అయిపోలేదు. జాయ్సీ అని కాకినాడ అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు. రోజూ షెడ్డు ముందు నుంచే హాస్టల్‌కు నడిచిపోతుంది. ఇప్పుడు తిరిగే పెద్ద బస్సు బజారు సందుల్లోకి రాదు. మెయిన్ రోడ్డు మీద దిగి హాస్టల్ దాకా ఇరవై నిమిషాలు ఎత్తు ఎక్కాలి.

"ట్రామ్ ఉన్నప్పుడు గుమ్మం ముందే దిగేవాళ్ళం కదన్నయ్యా," అంటుంది అప్పుడప్పుడూ. నాగేందర్ తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం లక్ష్మణ్ షెడ్డుకు వచ్చాడు.

ఏడాదిన్నర ఇంటి దగ్గర ఖాళీగా ఉండి, హౌస్ డ్రైవర్ వీసా మీద ఎండలు మండే జిజాన్‌లో దిగాడట. వీసా ఇచ్చిన కఫీల్ కుటుంబం చల్లదనానికి అభా వస్తే కారు నడుపుకుంటూ వచ్చాడు. రెండు గంటలు అడిగి పుచ్చుకుని నేరుగా ఇక్కడికే చేరాడు. మనిషి సగమయ్యాడు. పొద్దున పిల్లల బడితో మొదలైతే ఎప్పుడు పిలిస్తే అప్పుడు కారు తీయాలట, వారానికి ఒక్క పూటైనా తనదంటూ లేదట. అదంతా ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు.

తర్వాత బోగీ ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, అద్దంలోంచి పట్టాలు లేని నేలకేసి చూశాడు. నాగేందర్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"మంచిగ ఉంచినవ్ తమ్మీ," అన్నాడు లక్ష్మణ్. "జనం ఎక్కకపాయె. వాళ్ళు మాత్రం ఏం జేస్తరు? ఎవల తప్పూ గాదు."

తిట్టినా బాగుండేదనిపించింది నాగేందర్‌కు. మూడేళ్ళు మింగుకున్న మాట ఇక లోపల నిలవలేదు.

"నా తప్పే అన్నా. ఆ లెక్క రాసింది నేను. అన్నీ దొంగ అంకెలే రాసిన."

లక్ష్మణ్ చెయ్యి హ్యాండిల్ మీంచి జారింది. బయట పెద్ద బస్సొకటి నలుగురైదుగురిని వేసుకుని కొండ ఎక్కిపోయింది.

"సలికి కూసోలేక ఇష్టమొచ్చినట్టు రాసినవా?" అని అడిగాడు లక్ష్మణ్. గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడమే నాగేందర్‌ను ఇంకా కోసింది.

అతను తలెత్తకుండానే చెప్పాడు: "నీ నౌకరి పోవద్దని ఒక్కొక్కల్ని ముగ్గురు జేసి రాసిన అన్నా, గింతమందికి ట్రామ్ సాలదని వాళ్ళు పెద్ద బస్సులేసిండ్రు."