కుదుపు లేని గేర్లు

రేసుల పిచ్చోడు దుర్గేష్ నాచారంలోని నా మెకానిక్ షెడ్డుకొచ్చి, "కాకా, దూకుడు గేర్లు పీకెయ్. కారు కుదుపు లేకుండ మెల్లగ పోవాలె" అన్నాడు.

పొంగిపోయాను. "ఇంద్రియాలు గుర్రాలు, పగ్గం పట్టమని పదేండ్లు మొత్తుకున్న! ఇయ్యాల చెవికెక్కిందా బిడ్డా?"

బల్లమీద రెండు జతలు పెట్టాను. ఒకవైపు కారును ఎగిరి దూకేలా చేసే యాక్సిల్ గేర్లు, ఇంజిన్ ఊపును గేర్లకు అందించే టార్క్ కన్వర్టర్. మరోవైపు నెమ్మదిగా కదిలించేవి. "ఏది కావాలె? మదమా, ధర్మమా?"

నెమ్మదివాటి మీద చెయ్యి పెట్టాడు.

"నా పెండ్లానికి, నీ కోడలికి ఎముకల్ల క్యాన్సర్ కాకా. లాభం లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు దవాఖానోళ్లు. ఈ కార్లనే, నా పక్కన కూసోని వస్తనంటుంది. జర కుదిపినా తట్టుకోదు."

దూకుడు జతను బల్లకిందికి తోసేశాను. నెమ్మదివే బిగించాను. బోడుప్పల్‌లోని వాళ్లింటి దాకా అన్నీ గుంతలే; వాటికి నా దగ్గర ఏ గేరూ లేదు.