ఎర్ర రిబ్బను పాయ

"కచక్!"

పాట ఆగిన చోటే కత్తెర కూడా ఆగింది. కాకపోతే ఆగేముందు ఒక ఘనకార్యం చేసేసింది. ఎర్ర రిబ్బను కట్టిన జుట్టుపాయ మూరెడు పొడవున వచ్చి నోరోవా అరచేతిలో పడింది. పేరులోనే నోరున్న మనిషి నోటితోపాటు గుప్పెట కూడా మూసేశాడు.

ఆ పాయ ఎవరి వంతో పసిఫిక్ సముద్రంలోని రారోటొంగా దీవిలో ఆ పెరట్లో చేరిన రెండువందల మందికీ తెలుసు. పుట్టినప్పటి నుంచీ కత్తెర తగలని పన్నెండేళ్ళ రోంగో జుట్టుని, అక్కడి ఆచారం ప్రకారం, పొద్దున్నే ముప్ఫై పాయలుగా విడదీసి, ఒక్కోదానికీ ఒక్కో రిబ్బను కట్టారు. మేనత్తలు, బాబాయిలు, పాస్టరుగారు వరసగా వచ్చి, ఉన్న ఒక్క తలలోంచీ తలా ఒకటి కత్తిరించి దీవించారు. ఎర్ర రిబ్బను పాయ మాత్రం నాయనమ్మ తెపైరు మామ్మ వంతు. ఆవిడ మంగాయా దీవి నుంచి విమానంలో వస్తోంది. ఆవిడ చెయ్యి పడ్డాకే, మిగిలిన తలని చదును చేసి చూడముచ్చటగా తీర్చడం నోరోవా పని.

"ఈలోపు మెడ మీద చిల్లర వెంట్రుకలు చూడు. ఎర్రదాని జోలికి వెళ్ళావో, మా అత్త చేతిలో నీ తలా నా తలా రెండూ ఎగిరిపోతాయి!" అని అతనికి మరీ మరీ చెప్పి, రోంగో తల్లి తువైనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది.

ఎర్రదాని జోలికి నోరోవా వెళ్ళలేదు. చెయ్యే వెళ్ళింది. ఇరవై ఏళ్ళు ఉకులేలే అనే నాలుగు తీగల బుల్లి గిటారు వాయించిన చెయ్యి అది. పాట చివర అందరూ ఒక్కసారిగా తీగల మీద వేసే ఆఖరి దెబ్బ దానికి ఊపిరితో సమానం. పక్కనే అతని పాత బృందం వాయిస్తోంది. దెబ్బ వేళకి చేతిలో ఉకులేలే బదులు కత్తెర ఉంది. అంతే.

జట్టు వదిలి జుట్టు పట్టి మూడు నెలలే అయింది. ఇన్నాళ్ళూ జనం చేత తలలూపించినవాడు ఇప్పుడు "బాబ్బాబు, తల ఊపకండి" అని బతిమాలుకుంటున్నాడు. ఇవాళ్టి పని నచ్చితే ఊరంతా అతని కుర్చీకి వస్తుంది. లేదంటే కుర్చీ మడతపెట్టుకోవడమే. ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పలేదు సరికదా, వెంట్రుకలతో సహా వచ్చింది.

అదృష్టం కొద్దీ అప్పుడే మట్టిపొయ్యిలోంచి పందిమాంసం పైకి తీస్తున్నారు. జనం కళ్ళన్నీ అటే ఉన్నాయి.

"నోరోవా మామా, చెవి వెనక చల్లగా తగులుతోందేం?" అన్నాడు రోంగో.

"కదలకు నాయనా. సముద్రం గాలి."

"సముద్రం ఇటు కదా ఉంది?"

"ష్! ఒరేయ్ తంగీ, ఒక్క తీగ ఇవ్వు!"

బృందం నాయకుడు తంగి నవ్వుకుంటూ వచ్చాడు. "నాకు తెలుసురా, చెయ్యి దురద పెడుతోంది. మళ్ళీ జట్టులోకి వస్తున్నావా?"

"జట్టులోకి కాదురా, జుట్టులోకి! ఇది చూడు."

తంగి నవ్వు కూడా అక్కడికక్కడే తెగింది. "ఓరి దేవుడా! ఆఖరి దెబ్బకేనా?"

"ఆఖరి దెబ్బకే."

"తాళం మాత్రం తప్పలేదురా," అని మెచ్చుకుని, తన ఉకులేలే నుంచి ఒక తీగ ఊడదీసి ఇచ్చాడు. తీగంటే మరేం కాదు, చేపలు పట్టే నైలాను దారమే. బారెడు చేపకి తెగనిది మూరెడు జుట్టుకి తెగుతుందా?

"మనవాళ్ళని కుర్చీ చుట్టూ నిలబెట్టు. బాగా పొడుగు పాట అందుకోండి. గట్టిగా!"

బృందం కోట కట్టి అందుకుంది. మూడు తీగలతో తంగి పడే పాట్లు విని, "ఇవాళ వీడికేమైంది?" అని పాస్టరుగారు చెవి రుద్దుకున్నారు. కోట లోపల నోరోవా తెగిన పాయని మొదలుకి ఆనించి, ఉకులేలేకి తీగ బిగించే ముడే బిగించి, పైన ఎర్ర రిబ్బను కప్పేశాడు.

"ఎవరితోనూ అనకు," అన్నాడు నోరోవా, రోంగో చెవిలో.

"ఉకులేలే నేర్పుతావా?"

"నేర్పుతా."

"అయితే సముద్రం గాలే."

ఇంతలో కారు వచ్చింది. తెపైరు మామ్మ దిగింది. కొబ్బరాకు నారతో అల్లిన తెల్లటోపీ, దాని కింద ఊళ్ళో ఆడవాళ్ళంతా కుళ్ళుకునే నల్లటి పెద్ద కొప్పు. మనవడి నుదురు ముద్దుపెట్టుకుని, కత్తెర అందుకుని పాయని పైకెత్తింది. ఆవిడ బొటనవేలు రిబ్బను కిందికి దూరింది. అక్కడే ఆగిపోయింది.

పాయని ఒకసారి లాగింది. మళ్ళీ లాగింది. నోరోవాకి కుర్చీ మడతపడుతున్న చప్పుడు వినిపించింది.

మామ్మ అతని వంక ఒక్క చూపు చూసి, ముడికి పైన, తలకి దగ్గరగా "కచక్" మనిపించింది. ముడి ఆవిడ గుప్పెట్లోకి వెళ్ళిపోయింది. చప్పట్లు, ఈలలు, తువైనే కన్నీళ్ళు.

నోరోవా మిగిలిన తల తీర్చాడు. రోంగో అద్దం పట్టుకుని వదల్లేదు. "మావాడికి ఎప్పుడు కుదురుతుంది?" అని అప్పుడే ఇద్దరు తండ్రులు అడిగారు. అతను జవాబు చెప్పేలోగా మామ్మ వేలితో పిలిచి, భోజనాల టెంటు వెనక్కి తీసుకెళ్ళి గుప్పెట విప్పింది.

"ఇది నీ పనేనా?"

"నాదే మామ్మా. పాట ఊపులో చెయ్యి ఆగలేదు. నీ వంతు నేనే కోసేశాను. నలుగురిలోనూ చెప్పెయ్యి, కుర్చీ మడిచేస్తాను."

"రెండుసార్లు లాగానురా. ఊడిరాలేదు," అంది మామ్మ. అటూ ఇటూ చూసి టోపీ తీసింది. టోపీతోపాటు నల్లటి పెద్ద కొప్పు కూడా ఊడి చేతిలోకి వచ్చింది.

"దీన్ని ఆ తీగతో బిగించు నాయనా. రేపు ఆదివారం. చర్చిలో పాటకి తలూపి నాలుగేళ్ళయింది."